వేలూరులో రక్తం పారించిన టోపీ... తలపాగా విలువ తెలిసిన మన్రో దొర

ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపు వస్తుంటే ముందుగా కనిపించేది బ్యాండు మేళం. భుజాల మీద జరీ పట్టీలు, ఇత్తడి గుండీలు, తల మీద కుచ్చు లేచిన పాగా. దూరం నుంచి చూస్తే సిపాయిల దండు కదిలొచ్చినట్టే ఉంటుంది. కలెక్టరు ముందు నడిచే దఫేదారు డవాలీ, బిళ్ల కూడా అంతే. అసలు దఫేదారు అన్న మాటే గుర్రపు దళంలో ఒక హోదా పేరు. అయినా వీళ్ళను చూసి ఎవరూ సైన్యం వచ్చిందని కంగారు పడరు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. సైనికుడు కానివాడు, తాను సైనికుడినని నమ్మించాలనే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసుకుంటేనే నేరం. పాత ఐపీసీలో అది 140వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 168. అంటే చూడాల్సింది గుడ్డను కాదు, దాన్ని కట్టుకున్నవాడి మనసును.

రెండు వందల ఏళ్ల కిందట ఈ చిన్న విషయం అర్థం కాక వేలూరులో వందలాది ప్రాణాలు పోయాయి. అది అర్థమైన కొద్దిమంది అధికారుల్లో ఒకాయన అప్పట్లో మన కడప ప్రాంతానికి కలెక్టరు. పేరు థామస్ మన్రో.

దివాలా తీసిన ఇంటి నుంచి

మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం దెబ్బతింది, ఇల్లు అప్పుల్లో పడింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు.

అదే ఏడాది హైదర్ అలీ కర్ణాటకం మీదికి వచ్చాడు. పొల్లిలూరు దగ్గర కంపెనీ సైన్యం ఘోరంగా ఓడింది. కుర్ర మన్రో ఆ యుద్ధం నుంచి మొదలుపెట్టి, 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ షహీద్ అయ్యేదాకా దాదాపు ఇరవై ఏళ్లు మైసూరుకు ఎదురుగానే నిలబడ్డాడు. మధ్యలో ఫారసీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. బారామహల్‌లో, ఆ తర్వాత కెనరాలో శిస్తు వసూలు పనిచేశాడు. ఒంటి మీద సైనిక హోదా, చేతిలో సివిల్ పని. ఆయన జీవితమంతా ఈ రెండింటి మధ్యే గడిచింది.

దత్త మండలాల్లో ఏడేళ్లు

1800 అక్టోబరులో నిజాం తన చేతిలోని బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్త మండలాలు. ఇప్పటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ అందులోకే వచ్చాయి. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో.

అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద సుమారు 30 వేల మంది సాయుధులు ఉన్నారని లెక్క. వాళ్ళలో చాలామంది కట్టుబడి బంట్లు. తక్కువ పన్నుకు భూమి అనుభవిస్తారు, పిలిస్తే కత్తి పట్టుకుని వస్తారు. పొద్దున మడక దున్నేవాడే సాయంత్రం బంటు. రెండు పనుల్లోనూ తల మీద ఉండేది అదే పాగా. ఎవరు రైతు, ఎవరు సిపాయి అని తలగుడ్డ చూసి చెప్పడం అయ్యే పని కాదు.

జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ సైన్యంతో కలిసి మన్రో పాలెగాళ్ళను అణిచేశాడు. కొందరిని గద్దె దింపాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఈ విషయంలో ఆయన చెయ్యి మెత్తనిదేం కాదు. కట్టుబడి ఈనాముల మీద, పాలెగాళ్ళ పింఛన్ల మీద రగిలిన కడుపుమంటే చాలా ఏళ్ల తర్వాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా బయటికొచ్చింది.

మరో పక్క ఆయన గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు. భూములు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుకే పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. శిస్తు ఎక్కువగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని వెళ్లేముందు తానే రాశాడు. కంపెనీ అప్పుడు వినలేదు.

వేలూరు

1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడాక్ హయాంలో సిపాయిలకు కొత్త తలపాగా ఖరారైంది. చూడటానికి అది పాగాలా లేదు, తెల్లవాళ్ళ టోపీలా ఉంది. పైన తోలుతో చేసిన అలంకారం కూడా. దాంతో పాటు కవాతులో నుదుటి బొట్టు ఉండకూడదు, చెవిపోగులు ఉండకూడదు, గడ్డం మీసం చెప్పినట్టు కత్తిరించుకోవాలి అని నిబంధనలు వచ్చాయి. ముస్లిం సిపాయికి గడ్డం, హిందూ సిపాయికి బొట్టు, ఇద్దరికీ తోలు. ఒక్క ఉత్తర్వుతో ఇద్దరి మనసూ విరిగింది.

మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయి అన్నవాడినల్లా తెలింగా అనేవాళ్ళు. సిపాయి సెలవు మీద ఊరికి పోతాడు. ఊళ్ళో అందరి తల మీదా ఉన్నలాంటి పాగానే తన తల మీదా ఉన్నంతకాలం వాడు ఆ ఊరి మనిషే. టోపీలాంటిది పెట్టుకుని పోతే? తెల్లవాళ్ళను జనం పిలిచే పేరే టోపీవాళ్ళు. మతం మారిపోయావా అని ఇంటివాళ్ళే అడుగుతారు. పొత్తు కూడా పోతుంది.

1806 మే నెలలో వేలూరులో కొందరు సిపాయిలు ఆ పాగా పెట్టుకోమన్నారు. వాళ్ళలో ఒక హిందువును, ఒక ముస్లింను కొరడాతో కొట్టి కొలువు నుంచి తీసేశారు. జూలై 10 తెల్లవారుజామున కోటలో తిరుగుబాటు లేచింది. వందకు పైగా తెల్ల సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాక సిపాయిలను వందల్లో చంపారు.

టిప్పు సుల్తాన్ పిల్లలు అదే కోటలో నిర్బంధంలో ఉన్నారు. కోట మీద మైసూరు జెండా కూడా ఎగిరింది. ఇంకేముంది, ఇదంతా ముస్లింల కుట్ర, మైసూరు గద్దె కోసం పన్నిన పన్నాగం అన్న మాట మద్రాసులో బలంగా వినిపించింది. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు.

అనంతపురం నుంచి ఒక ఉత్తరం

గవర్నరు విలియం బెంటింక్ ఈ విషయమై మన్రోకు రాశాడు. దత్త మండలాల్లో పాత నవాబుల బంధువులున్నారు, పదవులు పోయిన పాలెగాళ్ళున్నారు. కుట్ర ఉందని రాస్తే నమ్మడానికి మద్రాసు సిద్ధంగా ఉంది. పైగా ఇరవై ఏళ్లు మైసూరుతో పోరాడిన మనిషి అలా రాసినా ఎవరూ ఆశ్చర్యపోరు.

మన్రో విచారించి ఆగస్టులో అనంతపురం నుంచి జవాబు పంపాడు. టిప్పు వంశాన్ని మళ్ళీ గద్దె ఎక్కించాలన్న కోరిక ఒక్కటే ఇంత పెద్ద తిరుగుబాటుకు కారణం కాలేదని తేల్చాడు. సిపాయిల్లో ఎక్కువమంది హిందువులు, వాళ్ళకు ఆ కోరిక ఉండదు. ముస్లింలలోనైనా కొందరికే ఉంటుంది. అసలు మంట పెట్టింది ఆ ఉత్తర్వులే. సిపాయిలను కిరస్తానీలుగా మార్చడానికే ఇదంతా అని ఈ ప్రాంతంలో తెలివైనవాళ్ళు కూడా నమ్ముతున్నారని, తెల్లవాళ్ళకు వింతగా అనిపించినా నిజం ఇదేనని స్పష్టంగా రాశాడు.

తలపాగా ఉత్తర్వును అప్పటికే వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది బెంటింక్‌ను, క్రాడాక్‌ను ఇద్దరినీ లండన్ వెనక్కి పిలిపించింది. మన్రో ఉత్తరం వల్లే అంతా జరిగిందని కాదు. కానీ ఒక సమాజం మొత్తాన్ని అనుమానించడం తేలికైన రోజుల్లో, శత్రువుగా పోరాడినవాడే అది నిజం కాదని కాగితం మీద పెట్టాడు.

బంట్రోతులతో యుద్ధం

1807లో మన్రో స్వదేశం వెళ్ళి, 1814లో తిరిగొచ్చాడు. 1817-18 మరాఠా యుద్ధంలో ఆయన చేతికి వచ్చిన సైన్యం చాలా తక్కువ. అప్పుడు దక్షిణ మరాఠా ప్రాంతంలో ఊళ్ళ నుంచే బంట్రోతులను చేర్చుకున్నాడు. వాళ్ళు ఎప్పుడూ కట్టుకునే పాగాలతోనే వచ్చారు. వాళ్ళ సాయంతో తాలూకాల వెంట తాలూకాలు స్వాధీనం చేసుకున్నాడు. టోపీ మారిస్తే తప్ప సిపాయి కాలేడన్న క్రాడాక్ లెక్క తప్పని అక్కడ కళ్ళముందే తేలిపోయింది.

1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. శిస్తు తగ్గింపు అప్పటికి గానీ చేతికి రాలేదు. భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలని 1824లో రాశాడు. అదే మనిషి పత్రికలకు స్వేచ్ఛ ఇస్తే సైన్యం చెడిపోతుందని 1822లో వాదించాడు. రెండూ ఆయనే.

గండి తోరణం

ఇంటికి వెళ్ళిపోయేముందు తన పాత దత్త మండలాలను ఒకసారి చూడాలని బయల్దేరాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు, తర్వాత అవశేషాలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తీసుకెళ్ళారు.

పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే గండిలో ఇప్పటికీ ఒక కథ చెప్తారు. అక్కడ కంటికి కనబడని బంగారు తోరణం ఉందట, మన్రోకు కనిపించిందట, చూసినవాడు ఎక్కువ రోజులు బతకడట. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళు కూడా ఉండేవి.

చెన్నైలో గుర్రం మీద ఆయన కంచు విగ్రహం ఉంది. జీను లేదని, రికాబులు లేవని అందరూ చెప్పుకుంటారు. ఇంకొకటి కూడా లేదు. ఆ విగ్రహం తల మీద టోపీ లేదు.