కప్పకాలు కదిలించిన గాల్వానీ

మా లాల్‌దర్వాజా గల్లీలో మోకాళ్ళకు కరెంటు పెట్టించుకునే పెన్షనర్లకు కొదవ లేదు. నేనూ వారిలో ఒకణ్ణే. మొన్న అక్కడే, వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్ళూ పడిపోయిన ఒక కుర్రవాడి తల్లి, ఈ కరెంటుతో తన బిడ్డ నడుస్తాడా అని నన్నడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఈ విద్యకు మూలపురుషుడైన లుయీజీ గాల్వానీ కనబడ్డారు.

ఆయన 1737లో ఇటలీలోని బొలోన్యాలో జన్మించారు. వైద్యం చదివి అక్కడే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. గురువుగారి కుమార్తె లూసియాను వివాహమాడారు. ప్రయోగాల్లో ఆమె చేదోడువాదోడు. 1780 ప్రాంతంలో ఒకనాడు, కోసి ఉంచిన కప్ప నరానికి సహాయకుడి కత్తి మొన తగిలింది. అదే క్షణంలో ఆ గదిలోని విద్యుత్ యంత్రం నుండి రవ్వ లేచింది. చచ్చిన కప్ప కాలు తన్నింది! ఏళ్ళ తరబడి పరిశోధించి, ప్రాణుల దేహంలోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించారు. ఆ గ్రంథం చూసే భాగ్యం లూసియాకు లేకపోయింది. అంతకు ముందే కన్నుమూసింది.

ఆ శక్తి కప్పది కాదు, తగిలించిన లోహాలదని వోల్టా వాదించారు. ఆ పట్టుదలతోనే ఆయన 1800 నాటికి బ్యాటరీ తయారుచేశారు. గాల్వానీ మాత్రం ఏ లోహమూ లేకుండా, నరాన్ని కండరానికి తాకించి కాలు కదిలించి చూపారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ఇక మనబోటి ఉద్యోగులు వినవలసిన ఘట్టం. నెపోలియన్ సేనలు నెలకొల్పిన కొత్త ప్రభుత్వం, ఆచార్యులందరూ తనకు విధేయతా ప్రమాణం చేయాలన్నది. గాల్వానీ మనసొప్పక నిరాకరించారు. ఉద్యోగం, జీతం రెండూ పోయి సోదరుడి పంచన చేరారు. మిత్రుల ప్రయత్నంతో పునర్నియామకం ఖాయమైంది గానీ, అది అమలయ్యేలోగానే 1798 డిసెంబర్ 4న పోయారు. ఆర్డర్ల ఆలస్యం మనకు కొత్తా!

వెన్నుపాము దెబ్బతింటే మెదడు ఆజ్ఞ కిందికి దిగదు. కాళ్ళ నరాలు, కండరాలు చాలావరకు బతికే ఉంటాయి. 2018లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకులు గాయం దిగువన వెన్నుపాముపై ఎలక్ట్రోడ్లు అమర్చి, సమయానుకూలంగా విద్యుత్తు పంపి, నెలల తరబడి సాధన చేయించి, ముగ్గురిని ఆసరాతో నడిపించారు. అందరికీ ఒకే ఫలితం రాదు.

మన గల్లీ మిషన్ అది కాదనీ, అది ఆపరేషన్‌తో కూడిన వేరే వైద్యమనీ, అయినా కీళ్ళు బిగుసుకోకుండా వ్యాయామం మానవద్దనీ ఆ తల్లికి చెప్పాను. బిడ్డ వంతు రాగానే చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.