పుట్టిల్లు విడిచిన బాద్షా

బాబుల్ మోరా అనగానే మన పెద్దవారికి సైగల్ గొంతు జ్ఞాపకం వస్తుంది. ఇంటింటా రేడియో ఉన్న రోజుల్లో రేడియో సిలోన్ వారు పొద్దున పూట పాత సినిమా పాటలు వేసి, చిట్టచివర సైగల్ పాట ఒకటి వేసేవారు. అది అయ్యేసరికి ఎనిమిది గంటలు. పిల్లలు బడికి, పెద్దలు పనికి బయలుదేరే వేళ. బాబుల్ మోరా పాడినదెవరో అందరికీ తెలుసు. కట్టినదెవరు, ఎంత కష్టంలో కట్టారు అన్నది ఎరిగినవారు మాత్రం తక్కువ. అది లక్నో ఆఖరి బాద్షా వాజిద్ అలీ షా కట్టిన ఠుమ్రీ అని గాయకుల పరంపరలో వస్తున్న మాట. ఆయన జీవితాన్ని గురించి ఈ సంచికలో కొంత చెప్పదలచాము.

చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మేము బడిపంతుళ్ళం. చరిత్ర పాఠంలో ఈ బాద్షాకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు. ఆటపాటల్లో మునిగి రాజ్యం పోగొట్టుకున్నాడని అందులో ఉంటుంది. ఆ వాక్యం మొదట రాసింది ఎవరయ్యా అంటే ఆ రాజ్యం తీసుకున్నవారే. సొమ్ము పట్టుకుపోయినవాడు రాసిన పంచనామాను మనం ఇంతకాలం వల్లె వేస్తూ వచ్చాము.

వాజిద్ అలీ షా 1822 జులై 30న లక్నోలో జన్మించారు. తండ్రి అంజద్ అలీ షా మరణానంతరం 1847 ఫిబ్రవరిలో గద్దెనెక్కారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేండ్లు. కొత్తలో పొద్దున్నే లేచి గుర్రమెక్కి తన పటాలాలకు తానే కవాతు చేయించేవారని, వాటికి పేర్లు పెట్టి మురిసిపోయేవారని లక్నో చరిత్ర రాసినవారు చెబుతారు. కంపెనీ సైన్యం మీ రక్షణకు ఉండగా మీకు వేరే సైన్యమెందుకని రెసిడెంటు దొరకు నచ్చలేదట. చేతులు కట్టేసి, పని చేయడం లేదని నింద వేసినట్లయింది.

ఆ తర్వాత ఆయన మనసు పూర్తిగా కళల మీదికి మళ్ళింది. కైసర్‌బాగ్ కట్టించారు. అఖ్తర్ అనే కలంపేరుతో గజళ్ళు, మస్నవీలు, మర్సియాలు రాశారు. కథక్ నాట్యాన్ని ఠాకూర్ ప్రసాద్ వంటి గురువుల దగ్గర నేర్చుకున్నారు. రాధాకృష్ణుల కథను నాటకంగా రాసి ఆడించారు. ముహర్రంలో తానే మెడకు తాషా తగిలించుకుని ఊరేగింపులో నడిచారు. ఠుమ్రీ అనే గాన పద్ధతి ఆయన దర్బారులో బాగా వృద్ధిలోకి వచ్చింది.

మేము ఆయన్ని వలీ అని చెప్పబోవడం లేదు. ముతా పద్ధతిలో చేసుకున్న పెళ్ళిళ్ళు వందల్లో ఉన్నాయి. ఆ లెక్క చూస్తే ఇప్పటి మన కండ్లకు సిగ్గేస్తుంది. రాజ్య వ్యవహారం వజీర్ల చేతుల్లో పెట్టి వదిలేయడమూ వాస్తవమే. పల్లెల్లో తాలూక్దార్లు రైతుల్ని పీల్చుకు తిన్నారు. అయితే పాలన బాగులేదని అవధ్‌ను తీసుకున్నారంటే మాత్రం మేము ఒప్పుకోము. 1801లోనే కంపెనీవారు ఒక ఒడంబడిక పేరుతో ఆ రాజ్యంలో సగం భూమి లాక్కున్నారు. తమ యుద్ధాలకు లక్నో ఖజానా నుంచి అప్పుల మీద అప్పులు పట్టుకుపోయారు. రెసిడెంటుగా ఉన్న స్లీమన్ పాలనలోని లోపాలన్నీ దొడ్డ పుస్తకమంత రాసి కూడా, రాజ్యాన్ని కలిపేసుకోవడం తగదన్నాడు. డల్హౌసీ వినలేదు. మిగిలిన సగం కూడా కావాలి. అంతే.

1856 ఫిబ్రవరి 4న కొత్త రెసిడెంటు ఔట్రామ్ ఒడంబడిక కాగితం పట్టుకుని మహలుకు వచ్చాడు. ఫిరంగులు దించివేసి ఉన్నాయి. కావలివారి చేతుల్లో ఆయుధాలు లేవు. అంతా బాద్షా హుకుం మీదనే జరిగింది, ఒక్క ప్రాణం కూడా పోకూడదని. ఆ కాగితం మీద దస్కత్తు చేస్తే ఏడాదికి పన్నెండు లక్షల భత్యం, బాద్షా అనే బిరుదు మిగులుతాయి. ఆయన తలపాగా తీసి ఔట్రామ్ చేతిలో పెట్టారు. దస్కత్తు మాత్రం పెట్టలేదు. మూడు రోజుల గడువిచ్చారు, అయినా పెట్టలేదు. ఫిబ్రవరి 7న అవధ్‌ను కలిపేసుకున్నారు. నాట్యగాడని, పిరికివాడని పేరుబడిన మనిషి ఇంత చేశాడని పాఠంలో ఎక్కడా ఉండదు.

మార్చి 13న లక్నో విడిచారు. మొదట కలకత్తా, అక్కణ్ణుంచి లండన్ వెళ్ళి రాణి విక్టోరియా ముందు తన ఫిర్యాదు తానే చెప్పుకోవాలని ఆయన తలంపు.

ఆ పాట ఈ ప్రయాణానికి సంబంధించినదే అంటారు. బాబుల్ అంటే కన్నతండ్రి. అత్తవారింటికి పోతున్న ఆడపిల్ల తండ్రిని తలచి, పుట్టిల్లు చేయి జారిపోతోందని ఏడ్చే పాట అది. మన ఇండ్లల్లో రుఖ్సతీ వేళ, తెలుగు పెండ్లిండ్లలో అప్పగింతల వేళ ఎంత గుండె గట్టివారైనా కన్నీళ్ళు ఆపుకోలేరు కదా, అదే దుఃఖం. లక్షల మందికి ఏలిక అయిన ఒక మగవాడు తన కష్టం చెప్పుకోవడానికి కొత్త పెండ్లికూతురి గొంతు తెచ్చుకున్నాడు. అదీ దర్బారు పార్సీలో కాదు, బరువైన ఉర్దూలో కూడా కాదు. అవధ్ పల్లెల్లో ఆడవారు మాట్లాడుకునే భాషలో. అందుకే దాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరికీ నిఘంటువు అక్కర్లేకపోయింది. ఆ పల్లకి పెండ్లి పల్లకి అనుకోవచ్చు, జనాజా అనుకోవచ్చు. మోసేది నలుగురే. వెనక్కు తిరిగి రావడం రెండింటా లేదు. భైరవి రాగంలో పాడతారు. కచేరీ ముగింపులో భైరవి పాడడం హిందుస్తానీ గాయకుల ఆనవాయితీ.

మే 13న కలకత్తా చేరేసరికి బాద్షా ఆరోగ్యం దెబ్బతిన్నది. లండన్‌కు ఆయన తల్లి బయలుదేరారు. పరదా దాటి ఎరుగని రాజమాత మలికా కిష్వర్ చిన్న కొడుకును, మనవణ్ణి వెంటబెట్టుకుని ఓడెక్కారు. 1857 జులైలో విక్టోరియా రాణి దర్శనం దొరికింది గానీ, అప్పటికే ఇక్కడ తిరుగుబాటు రగులుకున్నది. ఆ వార్తలు వచ్చాక అవధ్ మాట వినేవారు లేకపోయారు. పార్లమెంటుకు పెట్టుకున్న అర్జీని కూడా వినయపూర్వకంగా అనే మాట అందులో లేదని తోసేశారు. ఆమె తిరుగు ప్రయాణంలో 1858 జనవరిలో పారిస్‌లో కన్నుమూశారు. తర్వాత కొద్ది రోజులకే చిన్న కొడుకూ పోయాడు.

ఇక్కడ కలకత్తాలో బాద్షాను 1857 జూన్‌లో ఫోర్ట్ విలియం కోటలో పెట్టి తాళం వేశారు. తిరుగుబాటుతో ఆయనకు సంబంధం ఉందని రుజువు ఏమీ లేదు. ఎందుకైనా మంచిదని పెట్టారు. అదే సమయంలో లక్నోలో, ఆయన తలాఖ్ ఇచ్చి వదిలి వచ్చిన బేగం హజ్రత్ మహల్ పన్నెండేండ్ల కొడుకు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించి కంపెనీ మీద యుద్ధం నడిపింది! రెండేండ్లకు పైగా జైలులో ఉండి, 1859లో ఆయన బయటికి వచ్చారు. జైలు బాధలను హుజ్న్-ఎ-అఖ్తర్ అనే మస్నవీగా రాశారు. ఒకప్పుడు వద్దన్న భత్యం ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు.

హుగ్లీ నది ఒడ్డున మటియాబుర్జ్‌లో ఆయన ఇంకో లక్నో కట్టుకున్నారు. మహళ్ళు, ఇమాంబారా, తోటలు, జంతుశాల, పావురాలు. లక్నోనుంచి దర్జీలు, వంటవారు, గాయకులు, పతంగులు ఎగరేసేవారు వేలకొద్దీ వచ్చి స్థిరపడ్డారు. కలకత్తా బిర్యానీలో ఆలుగడ్డ వేయడం ఈ వంటశాలలోనే మొదలైందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ బస్తీ విశేషాలన్నీ కండ్లకు కట్టినట్లు రాసినవారు అబ్దుల్ హలీం షరర్. తండ్రి బాద్షా కొలువులో ఉండడం వల్ల ఆయన బాల్యం మటియాబుర్జ్‌లోనే గడిచింది. ఇదే షరర్ పెద్దయ్యాక మన హైదరాబాదులో నిజాం రాజ్యపు కొలువులో కొంతకాలం ఉన్నారు. గుజిష్తా లక్నో ఆయన గ్రంథమే. ఉర్దూ వచ్చిన మన పిల్లలు దాన్ని చదవాలని మా కోరిక.

1887 సెప్టెంబరు 21న వాజిద్ అలీ షా మరణించారు. ముప్పై ఒక్క ఏండ్లు కలకత్తాలో ఉండి కూడా లక్నోను మళ్ళీ చూడలేదు. ఆయన కండ్లు మూయగానే సర్కారువారు మటియాబుర్జ్‌ను ముక్కలు చేశారు. ఆస్తులు వేలానికి వచ్చాయి. జంతువులు కూడా అమ్ముడయ్యాయి. వందల మంది బతుకులు రోడ్డున పడ్డాయి.

పాటను మాత్రం ఎవరూ వేలం వేయలేకపోయారు. ఠుమ్రీ గాయనుల గొంతుల మీదుగా అది నిలిచింది. సరిగా యాభై ఒక్క ఏండ్లకు, 1938లో, అదే కలకత్తా నగరంలో న్యూ థియేటర్స్ వారు స్ట్రీట్ సింగర్ అనే చిత్రం తీశారు. దర్శకుడు ఫణి మజుందార్, సంగీతం ఆర్.సి. బొరాల్, హీరోయిన్ కానన్ దేవి. అప్పటికి పాటను ముందే రికార్డు చేసుకుని తర్వాత పెదవులు కదిలించే పద్ధతి వచ్చేసింది. ఆ పద్ధతి మొదలుపెట్టినవారిలో న్యూ థియేటర్స్‌వారే ముఖ్యులు. అయినా సైగల్ ఈ ఒక్క పాటకు ఒప్పుకోలేదు. మెడలో హార్మోనియం వేసుకుని వీధిలో నడుస్తూ, నడుస్తూనే పాడతానని పట్టుబట్టాడు. వాద్యగాళ్ళు, మైకు కెమెరా వెంబడి కనపడకుండా నడిచారు. టైపురైటర్లు అమ్ముకుని బతికిన ఒక జమ్మూ కుర్రవాడు, ఇల్లు విడిచి వెళ్ళే బాద్షా పాటను నిజంగా నడుస్తూ పాడాడు. ఆ అడుగుల తూకం ఈనాటికీ రికార్డులో వినబడుతుందని మాకు అనిపిస్తుంది. సైగల్ కూడా నలభై మూడు నిండకుండానే 1947 జనవరిలో పోయాడు.

తరువాత భీమ్‌సేన్ జోషీ పాడారు, గిరిజా దేవి పాడారు, 1974లో ఆవిష్కార్ చిత్రం కోసం జగ్‌జీత్, చిత్రా సింగ్ పాడారు. 1977లో సత్యజిత్ రాయ్ ప్రేమ్‌చంద్ కథను షత్రంజ్ కే ఖిలాడీగా తీసి, వాజిద్ అలీ షా వేషం అమ్జద్ ఖాన్‌కు ఇచ్చారు. గబ్బర్ సింగ్‌ను చూసి జడుసుకున్న జనం, అదే మనిషి తలపాగా తీసి చేతిలో పెడితే కండ్లు తుడుచుకున్నారు.

మటియాబుర్జ్ ఇప్పుడు కుట్టుపనికి, రెడీమేడ్ బట్టల వ్యాపారానికి పేరుబడిన బస్తీ. అక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబారాలో బాద్షా సమాధి ఉంది. లొంగనని నేపాలుకు వెళ్ళిపోయిన హజ్రత్ మహల్ 1879లో ఖాట్మండులో చనిపోయింది, ఆమె సమాధి అక్కడే. తల్లి మలికా కిష్వర్ పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలో ఉన్నారు. ముగ్గురిలో ఒక్కరికి కూడా లక్నో మట్టి దొరకలేదు.