సేద్యానికి దిగిన దంతవైద్యుడు

నరసాపురానికి ఇంత చేరువలో ఉన్న మన మొగల్తూరులో సయితం ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ పేరు విన్నవారు అరుదు. విలియం బౌడెన్ అనే రాతిపనివానినీ, జార్జి బీర్ అనే చెప్పులు కుట్టేవానినీ సతీసమేతంగా 1836లో ఇంగ్లండు నుండి వెంటబెట్టుకొని వచ్చినవాడు ఆయనే. వారు నరసాపురం చేరి గోదావరి వాసులయ్యారు. ఆయన మాత్రం చిత్తూరులో కాపురముండి రైతు అయ్యాడు. ఆ సేద్యపు ముచ్చటే మేము ఇక్కడ ప్రస్తావించదలచాము.

గ్రోవ్స్ 1795లో హాంప్‌షైర్ సీమలో జన్మించాడు. ఎక్సెటరు పట్టణంలో దంతవైద్యుడుగా ఏటా వేయి పౌన్లకు తక్కువ కాకుండా ఆర్జించేవాడు. ఆ వృత్తిని విడిచి, ఏ సంఘం నుండీ జీతం పుచ్చుకోరాదన్న నియమంతో, 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదుకు మతప్రచారానికి బయలుదేరాడు. పిల్లలకు చదువు చెప్పడానికి వెంట వెళ్ళిన జాన్ కిట్టో బొత్తిగా చెవులు వినబడనివాడు. ఇట్టి ఎంపిక చేసినవాని స్వభావం పాఠకులు ఊహించుకోవచ్చు.

1831లో బాగ్దాదును ప్లేగు, టైగ్రిస్ వరద, సైనిక ముట్టడి ఒకదాని వెంట ఒకటి చుట్టుముట్టాయి. నగరంలో సగానికి పైగా జనం నశించారు. మే నెలలో భార్య మేరీ కన్నుమూసింది. పసికూతురు కూడా ఆ ఏడే పోయింది. 1833లో ఆయన భారతదేశానికి పయనమైనప్పుడు తోడు వచ్చినవాడు మరెవరో కాదు, మన కాటన్ దొర! అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టలేదు.

గ్రోవ్స్ 1837లో చిత్తూరు చేరాడు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు నాడు అదే ముఖ్యపట్టణం. మతం మారినవారు కులవృత్తులకు దూరమై కూటికి అల్లాడుతారనీ, పరాయి చందాలపై ఆధారపడిన పని నిలువదనీ ఆయన తలచాడు. పొలం సాగుచేయించాడు, పాఠశాల నడిపాడు. పట్టుపురుగుల పెంపకానికి దిగాడు. పట్టుపురుగు పశువు కాకపోయినా, పశువుకంటే ఎక్కువ ఊడిగం చేయించుకుంటుంది. వేళకు మేత అందకపోయినా, తెగులు సోకినా పెట్టుబడి అంతా ఒక్కపెట్టున పోతుంది. దంతవైద్యునికి ఇవన్నీ ఎవరు నేర్పుతారు? నష్టాలు వచ్చాయి, వాటి వెంట అప్పులు వచ్చాయి. తన ధనమంతా విడిచిపెట్టి వచ్చినవాడు ఋణం తీర్చడం కోసం ధనార్జన చింతలో ఏళ్ళు గడపవలసి వచ్చింది. ఆ దిగులు ఆయనను వదలలేదు. మా దృష్టిలో ఆలోచన తప్పు కాదు. తనకు తెలియని పనిలో అంత సొమ్ము దించడమే పొరపాటు. ఆయన శిష్యుడు అరులప్పన్ 1840లో తిరునల్వేలి ప్రాంతంలో ఇటువంటి గ్రామాన్నే నెలకొల్పాడు. ఆయన ఆ నేలమీద పుట్టినవాడు కదా!

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే గ్రోవ్స్ వ్యాధిగ్రస్తుడై స్వదేశం చేరాడు. 1853 మే 20న బ్రిస్టల్‌లో, బావగారైన జార్జి ముల్లర్ ఇంట కన్నుమూశాడు. బౌడెన్, బీర్ మొదలుపెట్టిన పని అప్పటికే నరసాపురంలో వేరూని ఉంది.