జనగణన యంత్ర నిర్మాత హెర్మన్ హోలెరిత్

కంప్యూటర్ శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులకు తెరపై ఒక పంక్తిలో ఆదేశాలు టైపు చేసి పని జరిపించడం అలవాటైన విషయమే. వేల వరుసల దత్తాంశంలో నుండి కావలసిన వరుసలను ‘గ్రెప్’ అనే ఆదేశం ఏరుతుంది. ‘కట్’ కావలసిన గడిని వేరుచేస్తుంది. ‘సార్ట్’ వాటిని క్రమంలో పేర్చుతుంది. ‘యూనిక్’ ఒకే రకమైన వాటిని లెక్కించి పెడుతుంది. ఒక ఆదేశపు ఫలితం నిలువు గీత దాటి తరువాతి ఆదేశానికి ముడిసరుకవుతుంది. ఇట్టి గొలుసునే డేటా పైప్‌లైన్ అంటున్నాము. పనిని ఇలా చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు అందించే పద్ధతి ఎలెక్ట్రానిక్ కంప్యూటర్ల కంటె అరశతాబ్దం ముందే ఆచరణలోకి వచ్చింది. దానిని ఆచరణలో పెట్టిన హెర్మన్ హోలెరిత్ జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయదలిచాము.

హోలెరిత్ 1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో నగరాన జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. బాల్యంలో ఆయనకు వర్ణక్రమం ఎంతకూ పట్టుబడలేదు. ఆ పాఠం తప్పించుకోవడానికి తరగతి గది నుండి పారిపోయేవాడని చెబుతారు. చివరకు బడి మాన్పించి ఒక మతాచార్యుని వద్ద ఇంట చదివించారు. అక్షరాలతో పడరాని పాట్లు పడిన ఆ బాలుడు 1879లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, కొలంబియా విద్యాలయపు గనుల పాఠశాల నుండి ఇంజనీరింగు పట్టం పొందారు.

ఆయనకు విద్య గరిపిన ఆచార్య ట్రోబ్రిడ్జ్ 1880 నాటి అమెరికా జనగణనలో పనిచేస్తూ, ఈ శిష్యుని సహాయకునిగా వెంటబెట్టుకు వెళ్ళారు. ఉర్దూలో మర్దుమ్‌షుమారీ అని పిలిచే ఈ లెక్క అక్కడ పదేళ్ళకొకసారి జరిగేది. గుమాస్తాలు కాగితాలపై గీతలు గీస్తూ కూడికలు వేసేవారు. ఆ 1880 లెక్క తేలడానికి ఏడేళ్ళకు పైగా పట్టింది. జనాభా ఇంకా పెరిగితే ఒక లెక్క ముగియకముందే మరొక లెక్క మొదలయ్యే దుస్థితి దాపురించేది. మరణాల గణాంకాలు చూస్తున్న జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు, ఈ పనికి ఒక యంత్రం ఉంటే బాగుండునని ఆ యువకునితో అన్నారు. ఆ మాట హోలెరిత్ మనస్సులో నాటుకుపోయింది.

1882లో ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో బోధకుడయ్యారు. అనంతరం వాషింగ్టన్‌లోని పేటెంటు కార్యాలయంలో కొంతకాలం పనిచేసి, 1884లో తన తొలి పేటెంటుకు దరఖాస్తు చేశారు. మొదట పొడవాటి కాగితపు పట్టీపై చిల్లులు వేసి చూశారు. పట్టీలో ఒక వ్యక్తి వివరాలు వెతకాలంటే మొత్తం చుట్ట విప్పవలసి వచ్చేది. ఆ కాలంలో రైలు కండక్టర్లు ప్రయాణికుని పోలికలను టికెట్టుపై చిల్లులతో గుర్తించేవారు. దాన్ని చూచిన హోలెరిత్‌కు మార్గం దొరికింది. మనిషికొక కార్డు. ఆ కార్డుపై వయస్సుకు, వృత్తికి, జన్మస్థలానికి వేర్వేరు స్థానాలు. ఆయా స్థానాలలో చిల్లులు. కార్డు విడిగా ఉండటం వల్ల దాన్ని ఎన్నిసార్లయినా, ఏ క్రమంలోనైనా తిరిగి పేర్చవచ్చు.

ఆయన పద్ధతిలో పని మెట్లుమెట్లుగా సాగేది. ఒకరు కార్డుకు చిల్లులు వేస్తారు. మరొకరు దాన్ని లెక్కించే యంత్రంలో పెట్టి పిడి కిందికి దించుతారు. చిల్లు ఉన్నచోట సూది దూరి అడుగునున్న పాదరసాన్ని తాకుతుంది. విద్యుద్వలయం పూర్తయి గడియారం వంటి ముఖపత్రంపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. అదే క్షణంలో పక్కనున్న పెట్టెలో ఒక అర మూత తెరుచుకుంటుంది. కార్డును అందులో వేస్తే తరువాతి లెక్కకు వర్గీకరణ జరిగినట్లే. కార్డు సరిగా అందినప్పుడు గంట మోగేది. గంట మోగలేదంటే కార్డులో లోపమున్నదని గ్రహించి పక్కకు తీసేవారు. తప్పును తరువాతి మెట్టుకు పోనీయకుండా ఉన్నచోటనే ఆపాలన్నదే ఆ గంట ఉద్దేశం.

1889లో జనగణన అధికారులు మూడు పద్ధతులకు పోటీ పెట్టారు. సెయింట్ లూయిస్ నగరంలోని నాలుగు ప్రాంతాల లెక్కలు ముగ్గురికీ ఇచ్చారు. కార్డులు తయారుచేయడానికి హోలెరిత్ పద్ధతికి 72.5 గంటలు పట్టింది. అందులోనూ ఆయనే ముందున్నారు. పట్టికలు వేయడానికి మిగిలిన ఇద్దరికీ 44.5, 55.5 గంటలు పట్టగా ఆయన యంత్రం 5.5 గంటలలో ముగించింది. 1890 జనగణన ఆయన చేతికి వచ్చింది. దేశ జనసంఖ్య ఆరు కోట్ల ఇరవై లక్షలకు పైగా అని కొద్ది వారాలలోనే తేలింది. ఇంకా పెద్ద సంఖ్యను ఆశించిన కొన్ని పత్రికలు యంత్రాన్నే నిందించాయి. ఆ ఏటనే కొలంబియా ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది. ఆస్ట్రియా, కెనడా, తరువాత రష్యా ఆయన యంత్రాలను వాడుకున్నాయి.

కీర్తితోపాటు ఆయన స్వభావంలోని లోపం కూడా బయటపడింది. 1896లో స్థాపించిన సంస్థ ద్వారా ఆయన యంత్రాలను అద్దెకు మాత్రమే ఇచ్చేవారు. అద్దె అధికమని జనగణన అధికారులు మొరపెట్టినా ఆయన మెత్తబడలేదు. 1905లో ఆ బంధం తెగింది. ప్రభుత్వం సొంత యంత్రాలను తయారు చేయించుకొని, 1910 లెక్కను ఆయన ప్రమేయం లేకుండానే జరిపింది. హోలెరిత్ న్యాయస్థానానికి వెళ్ళినా ఫలితం దక్కలేదు. 1911లో ఆయన సంస్థ మరి కొన్నింటితో కలిసిపోయింది. ఆ ఉమ్మడి సంస్థే 1924లో ఐ.బి.ఎం. అయింది. 1929 నవంబరు 17న ఆయన వాషింగ్టన్‌లో కన్నుమూశారు.

ఆయన మరణానంతరం జరిగిన ఒక విషయాన్ని చెప్పక తప్పదు. ఆయన పేటెంట్ల ఆధారంగా జర్మనీలో 1910లో ఏర్పడిన సంస్థ 1933లో ప్రష్యా జనగణనను ఈ కార్డులపైనే లెక్కించింది. 1939 నాటి జర్మన్ జనగణనలో తాత అవ్వలలో యూదులెవరన్న ప్రశ్నను చేర్చారు. గంట చిల్లును పరీక్షిస్తుందే గాని, ఆ చిల్లు ఎందుకు వేశారని అడుగదు. అది అడుగవలసినవాడు మనిషి. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలో చదువుకునే మనకు, లెక్కలో చేరడం ఎంత అవసరమో, ఆ లెక్క ఎవరి చేతిలో ఏమవుతుందో తెలుసుకొనడమూ అంత అవసరం.

హోలెరిత్ పద్ధతి మాత్రం యంత్రాల కంటె ఎక్కువకాలం బ్రతికింది. 1928లో వచ్చిన కార్డుకు 80 నిలువు వరుసలుండేవి. కంప్యూటర్ తెరలపై పంక్తికి 80 అక్షరాలు అన్న ఆచారం దాని వారసత్వమే. 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రేరణతో కెన్ థాంప్సన్ యునిక్స్ వ్యవస్థలో పైపును అమర్చారు. అప్పటి నుండి మనుషులు ఒక బల్ల నుండి మరొక బల్లకు మోసిన దత్తాంశం ఆదేశం నుండి ఆదేశానికి తానే ప్రవహించసాగింది. ‘యూనిక్’ పక్కపక్కనున్న వరుసలనే పోల్చుతుంది కనుక దానికి ముందు ‘సార్ట్’ ఉండాలి. ముందు వర్గీకరించి తరువాత లెక్కించిన హోలెరిత్ గుమాస్తాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

మన విద్యార్థులు ఉపకారవేతనాల జాబితానో, గ్రంథాలయపు పుస్తకాల పట్టీనో ఇట్టి ఆదేశాలతో సిద్ధపరచే రోజు తప్పక వస్తుంది. అప్పుడు మూల దత్తాంశాన్ని చెరపకుండా ఉంచండి. ఒక్కొక్క మెట్టులో ఎన్ని వరుసలు వచ్చాయో, ఎన్ని పోయాయో సరిచూడండి. ఆదేశాలను ఒక ఫైలులో వ్రాసిపెట్టి ఇతరులు మళ్ళీ నడిపించగలిగేలా అందరికీ అందుబాటులో ఉంచండి. పనిముట్టును బిగపట్టుకొని హోలెరిత్ ఏమి పోగొట్టుకున్నారో చూచాము కదా. జాబితాలోని ఒక వరుస జారిపోతే ఒక విద్యార్థికి రావలసిన వేతనం రాదు. మనిషికొక కార్డు అని ఆయన పెట్టిన నియమాన్ని ఆ సమయంలో గుర్తుంచుకొంటారని ఆశిస్తున్నాము.