సర్దారు పటేలుగారి యింటి చదువు

దేశనాయకుల జీవితములను వ్రాయువారు వారు చదివిన కళాశాలలను, వహించిన పదవులను విపులముగ వర్ణింతురు. పుట్టి పెరిగిన యింటిని మాత్రము రెండు మాటలతో దాటిపోవుదురు. సర్దారు వల్లభభాయి పటేలుగారి విషయమున నిట్లు చేయుట తగదని మా యభిప్రాయము. ఆయన రాజనీతికి మొదటి పాఠశాల గుజరాతుదేశములోని యొక సేద్యగాని యుమ్మడి కుటుంబము. ఆ కుటుంబము ఆయనకేమి యిచ్చెనో, ఆయనచే నేమి విడిపించెనో విచారించుట కుటుంబముగల ప్రతివానికిని ఉపయుక్తము.

ఖేడా జిల్లా కరంసదు గ్రామమున ఝవేరుభాయి యను రైతునకును, లాడ్‌బాయికిని గలిగిన యార్గురు సంతానములో వల్లభభాయి నాలుగవవారు. సోమభాయి, నరసీభాయి, విఠలభాయి అన్నలు, కాశీభాయి తమ్ముడు, డాహిబా చెల్లెలు. మాతామహుల యూరగు నడియాదులో 1875 అక్టోబరు 31వ తేదీన ఆయన జన్మించినట్లు ప్రసిద్ధి. ఈ తేదీని ఆయన మెట్రిక్యులేషను పరీక్షనాడు తామే వ్రాసికొనిరి. పుట్టినరోజులను లెక్కించు తీరిక రైతుకుటుంబములకు ఆ కాలమున లేకుండెను. తండ్రి స్వామినారాయణ సంప్రదాయమున దృఢభక్తి గలవాడు. పొలమునకు బోవునపుడు బాలుని వెంటగొని, దారిలో ఎక్కములు వల్లె వేయించెడివాడు. మాసమునకు రెండు దినములు ఉపవాసముండుటయు బాలునకు చిన్ననాటనే యలవడెను. భక్తి, సేద్యము, చదువు అను మూడును ఆ పొలముగట్టు మీదనే యాయనకు కలసి యబ్బినవి.

ఇట్టి యిండ్లలో ఆంగ్లవిద్య ఆలస్యముగ వచ్చును. పటేలుగారు మెట్రిక్యులేషను నెగ్గినది 1897లో, ఇరువది రెండవ యేట. కళాశాల మెట్టు త్రొక్కక, ఎరవు దెచ్చిన న్యాయశాస్త్ర గ్రంథములు చదివి ప్లీడరు పరీక్షయందు కృతార్థులై, 1900లో గోధ్రాలోను, పిమ్మట బోర్సదులోను వృత్తి నడపిరి.

సీమకుబోయి బారిష్టరు కావలెనని ఆయన ధనము కూడబెట్టి 1905లో ప్రయాణపు టేర్పాటులు చేసికొనిరి. ఆ లేఖ వి. జె. పటేలు అను పేరుమీద వచ్చి, అవే పొడియక్షరములుగల అన్న విఠలభాయి చేతికి జిక్కెను. పెద్దవాడు ముందు పోవుట న్యాయమని విఠలభాయి కోరగా, తమ్ముడు మాఱు పలుకక యొప్పుకొనెను. పైగా అన్నగారి ఖర్చును, ఆయన సంసార భారమును తానే వహించెను. ఈ త్యాగమును పొగడనివారు లేరు. కాని మఱియొక సంగతిని గూడ చెప్పవలసియున్నది. వదినగారికిని తన భార్య ఝవేరుబాకును పొత్తు కుదరకపోగా, వల్లభభాయి భార్యనే పుట్టినింటికి బంపెను. అన్నకు మాట యిచ్చినవాడు తమ్ముడు. దాని మూల్యములో నొక పాలు చెల్లించినది ఆ యిల్లాలు. ఆమె యభిప్రాయము నెవ్వరైన నడిగిరో లేదో చరిత్రకు దెలియదు.

1909 జనవరిలో ఆమె బొంబాయిలో శస్త్రచికిత్సానంతరము మరణించెను. తంతివార్త చేరునప్పటికి పటేలుగారు న్యాయస్థానమున నొక హత్యాభియోగమున సాక్షిని ప్రశ్నించుచుండిరి. చదివి జేబులో నుంచికొని, ప్రశ్నలు ముగించిన పిదపగాని యా వార్త నెవ్వరికిని చెప్పరైరి. మణిబేను, డాహ్యాభాయి అను పసిబిడ్డలను బొంబాయిలో నుంచి, 1910లో ఆంగ్లదేశమునకు బోయి, 1913లో బారిష్టరై తిరిగివచ్చిరి. అంతట సోదరులిరువురును ఒక యేర్పాటు చేసికొనిరి: విఠలభాయి దేశసేవ చేయుట, వల్లభభాయి ఇద్దఱి సంసారములకును సంపాదించుట. ఒకడు నాగలి పట్టగా నొకడు యాత్రకు బోవు రైతుల పొత్తువంటిదే యిది.

గాంధీమహాత్ముని పరిచయముతో నీ యొడంబడిక తలక్రిందులాయెను. 1918లో ఖేడాలో పంటలు చెడినను సర్కారు శిస్తు నిలుపనపుడు వల్లభభాయి వృత్తి విడిచి రైతులతో నడచిరి. 1928లో బార్డోలీ తాలూకాలో శిస్తును నూటికి 22 చొప్పున హెచ్చించినపుడు ఆయన సేనాధిపత్యము వహించిరి. హిందువులును మహమ్మదీయులును ఎవరి దైవముపేర వారు ప్రమాణము చేసి శిస్తు నిలిపిరి. జప్తయిన భూములను గొన్నవారిని ఊరివారు వెలివేసిరి. బంధుత్వము రక్షణయు కాగలదు, శిక్షయు కాగలదు. ఈ రెంటిని ఆయన యెఱిగి ప్రయోగించిరి. పిమ్మట విచారణసంఘము న్యాయమైన హెచ్చింపు నూటికి 6 చిల్లర మాత్రమేయని తేల్చెను. సర్దారు బిరుదము ఆనాటిదే.

తల్లి 1932లో గతించునపుడు ఆయన యెరవాడ జైలులో నుండిరి. 1933లో విఠలభాయి జినీవా సమీపమున మరణింపగా, నాసికు జైలునుండి షరతులతో విడుదల పొందుట కిష్టపడక అంత్యక్రియలకు బోరైరి. అన్నగారు విదేశ ప్రచారమునకై సుభాషచంద్రబోసుగారికి వ్రాసిన ధనమును గూర్చి బొంబాయి హైకోర్టున వివాదము నడచి, 1939లో బోసుగారికి ప్రతికూలముగ తీర్పు వచ్చెను. ఎంతటి ఐకమత్యముగల యింటనైనను లెక్కలు మిగులును గదా!

1946లో అధికసంఖ్యాకములగు రాష్ట్ర కాంగ్రెసు సంఘములు ఆయన పేరునే అధ్యక్షపదవికి సూచించినను, మహాత్ముని యభీష్ట మెఱిగి నెహ్రూగారికై తొలగిరి. 1905 నాటి తమ్ముడే యిందును గనబడును. ఐదువందలకు పైబడిన సంస్థానములను ఒక యింటిక్రిందికి దెచ్చునపుడును ఆయన పద్ధతి యదియే: ఒప్పుకొన్నవారికి భరణము, గౌరవము, ఒప్పనివారిపై కాఠిన్యము. హైదరాబాదు సంగతి, 1948 సెప్టెంబరు నాటి సైనికచర్య, తెలుగువారి కెఱుకయే. 1949లో జవహరులాలు, పట్టాభి సీతారామయ్యగార్లతో గూడి యిచ్చిన నివేదికలో భాషారాష్ట్రములు కొంతకాల మాగవలెననియు, ఆంధ్రవిషయము ప్రత్యేకముగ విచారింపదగినను మద్రాసునగరముపై కోరిక విడువవలెననియు జెప్పిరి. ఇల్లు నిలుచుటకు తా మాగినవారు ఇతరులను గూడ నాగుమనిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడునాటికి ఆయన లేరు.

ఉమ్మడి కుటుంబమున ప్రతి త్యాగమునకును ఇరువురు కర్తలుందురు: తానై విడుచువాడొకడు, వాని మాటకు గట్టుబడి విడుచువాడు వేఱొకడు. మొదటివానికి కీర్తి దక్కును. రెండవవానిని గూడ లెక్కింపని ఐకమత్యము చిరకాలము నిలువదని మా విశ్వాసము.

1950 డిసెంబరు 15వ తేదీన పటేలుగారు బొంబాయిలో దివంగతులైరి. సముద్రతీరమున దహనము జరుపనెంచిన ప్రభుత్వము, మణిబేను తెలిపిన తండ్రి కోరిక ప్రకారము, సామాన్యుల శ్మశానమగు సోనాపురమున జరిపించెను. ఝవేరుబాకును విఠలభాయికిని దహనమైన స్థల మదియే.