ఒకే నేల, మూడు మాటలు

ల్యాబ్‌లో కడిగిన గాజు సామాను త్వరగా ఆరాలని అసిటోన్ పోస్తాం కదా. ఆ అసిటోన్‌తోనే బ్రిటిష్ మంత్రులకు దగ్గరైన కెమిస్ట్ ఒకాయన ఉన్నాడు. పేరు హయీమ్ వైజ్‌మన్.

1874లో రష్యా సామ్రాజ్యంలోని మోతల్ అనే ఊళ్లో, కలప వ్యాపారం చేసే యూదు కుటుంబంలో పుట్టాడు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో చదివి 1904లో మాంచెస్టర్ చేరాడు. పాలస్తీనాలో యూదులకు సొంత చోటు కావాలన్న జియోనిస్టు ఉద్యమం ఆయనకు కెమిస్ట్రీ అంత ముఖ్యం.

మొదటి ప్రపంచ యుద్ధంలో కార్డైట్ అనే పేలుడు మందు తయారీకి బ్రిటన్‌కి అసిటోన్ కొరత వచ్చింది. మనం ఇడ్లీ పిండి పులియబెట్టినట్టే, వైజ్‌మన్ ఒక బ్యాక్టీరియాతో మొక్కజొన్నను పులియబెట్టి అసిటోన్ తీశాడు. దానికి బహుమానంగానే పాలస్తీనా మాట ఇచ్చారని ఒక కథ ఉంది. నాకది నమ్మబుద్ధి కాదు. ఆయన బాల్ఫోర్‌ని 1906లోనే కలిశాడు. పైగా యుద్ధంలో బ్రిటన్‌కి అమెరికా, రష్యా యూదుల మద్దతు కావాలి, సూయెజ్ కాలువ పక్కన పట్టు కావాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1915-16లో మెక్‌మహాన్ ఉత్తరాలు అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశ చూపాయి. పాలస్తీనా అందులో ఉందని అరబ్బులు, లేదని బ్రిటన్ వాదించుకున్నారు. 1916లో ఫ్రాన్స్‌తో కుదిరిన సైక్స్-పికో రహస్య ఒప్పందం పాలస్తీనాలో ఎక్కువ భాగాన్ని అంతర్జాతీయ పాలన కింద పెట్టమంది. 1917 నవంబర్ 2న బాల్ఫోర్ ఉత్తరం అక్కడే యూదులకు జాతీయ నివాసం అంది. ఒకే ప్లాటుకి ముగ్గురి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నట్టు!

అక్కడ ఎక్కువమంది అరబ్బులే. ఆ ఉత్తరంలో వాళ్ల పేరే లేదు, యూదులు కానివాళ్లు అని మాత్రం ఉంది. పౌర, మత హక్కులు చెప్పి రాజకీయ హక్కులు వదిలేశారు. దీన్ని గట్టిగా వ్యతిరేకించిన మంత్రి కూడా యూదుడే: మన హిస్టరీ పుస్తకాల్లోని మాంటేగు.

1919 జనవరిలో వైజ్‌మన్, అరబ్ నాయకుడు ఫైసల్ ఒక ఒప్పందం రాసుకున్నారు. అరబ్బులకు స్వాతంత్ర్యం వస్తేనే చెల్లుతుందని ఫైసల్ షరతు పెట్టాడు. అది రాలేదు. 1920లో ఫ్రెంచి సైన్యం ఆయన్ని డమాస్కస్ నుంచి వెళ్లగొట్టింది.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో దాదాపు ఏడు లక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఇళ్లు కోల్పోయారు. 1949లో వైజ్‌మన్ తొలి అధ్యక్షుడయ్యాడు, 1952లో కన్నుమూశాడు.

తన జనానికి ఒక దేశం సాధించిన మనిషిగా ఆయన్ని మెచ్చుకుంటాను. కానీ ఆ నేల మీద అప్పటికే ఉన్నవాళ్లని ఎవరూ అడగలేదన్న సంగతి కూడా ఆయన కథలోదే. గాజా వార్త చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అదే.