యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 – 1948 ఆగస్టు 8) ప్రముఖ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. జీవకణాలలో శక్తికి ఆధారమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏ.టి.పి.)ను కనుగొన్నవారిలో ఈయన ఒకడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, తొలి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్ ఈయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితాలు. పేద కుటుంబంలో పుట్టిన సుబ్బారావు కాకినాడకు చెందిన ఒక ధర్మసంస్థ హామీతోను, మామగారు సమకూర్చిన ధనంతోను అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివాడు.

బాల్యము

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. నేడు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన ఈ పట్టణం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో ఉండేది. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. వీరి ఏడుగురు సంతానంలో సుబ్బారావు ఒకడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానవలసి రావడంతో కుటుంబానికి ఇబ్బందులు మొదలయ్యాయి.

చిన్నతనంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ తక్కువగా ఉండేది. పదమూడేళ్ళ వయసులో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించవచ్చుననే ఆలోచనతో ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోనే పట్టుబడగా ఇంటివారు వెనుకకు తీసుకువచ్చారు. రాజమండ్రిలో కొంతకాలం చదివి, మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు విఫలుడై, మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. తండ్రి మరణించిన తరువాత కొడుకు చదువు ఆగిపోకుండా ఉండడానికి వెంకమ్మ తన నగలు అమ్మివేసింది. సుబ్బారావు చదువుకు అందిన తొలి ఆర్థిక సహాయము ఇదే.

వైద్య విద్య

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే కాలంలో సుబ్బారావు రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడై సన్యసించదలచాడు. తల్లి అందుకు సమ్మతించలేదు. వైద్యం నేర్చుకొని రోగులకు సేవ చేయమని మఠంలోని పెద్దలు సలహా ఇచ్చారు. ఆ సలహా మేరకు ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. అక్కడ చదువు ఖర్చులను కొంతవరకు మిత్రులు, మిగిలినది కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహమైనది.

గాంధీజీ పిలుపు మేరకు విదేశీ వస్త్రాలను బహిష్కరించిన సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు కూడా ఖద్దరు గౌనుతో వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. వ్రాత పరీక్షలలో సుబ్బారావు బాగా వ్రాసినప్పటికీ చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. దీని ప్రభావం ఆయన తరువాతి జీవితంపై చాలాకాలం ఉన్నది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. అమెరికా వెళ్ళిన తరువాత కూడా వైద్యవృత్తి చేసుకొనే అవకాశం లేకపోయింది.

ఇదే దశలో ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేకపోవడం, విరేచనాలు, తీవ్రమైన రక్తహీనత ఈ వ్యాధి లక్షణాలు. అప్పటికి దీనికి సరియైన మందు లేదు. సుబ్బారావు కూడా ఈ వ్యాధి బారిన పడగా ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆ తరువాత లక్ష్మీపతి నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాడు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరీక్షించాలనే కోరిక ఆయనకు అక్కడే కలిగింది. రాక్‌ఫెల్లర్ ఉపకార వేతనంపై మద్రాసు వచ్చిన ఒక అమెరికా వైద్యునితో కలిగిన పరిచయం వల్ల, అటువంటి పరిశోధనకు అమెరికా తగిన చోటని నిశ్చయించుకున్నాడు.

ఆ కాలంలో విదేశీ విద్యకు సహాయము

19వ శతాబ్ది చివరినుండి విదేశాలలో చదువదలచిన భారతీయులకు కొన్ని ఉపకార వేతనాలు ఉండేవి. హైదరాబాదు కళాశాల తొలి ప్రధానాచార్యుడైన అఘోరనాథ ఛటోపాధ్యాయ గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనంతో ఎడింబరోలో చదివాడు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1895లో నిజాం ఇచ్చిన వేతనంతో ఇంగ్లాండు వెళ్ళింది. కట్టమంచి రామలింగారెడ్డి ప్రభుత్వ ఉపకార వేతనంతో 1902లో కేంబ్రిడ్జి చేరాడు. జంషెడ్‌జీ టాటా 1892లో నెలకొల్పిన నిధి ఉన్నత విద్యకు విదేశాలకు వెళ్ళేవారికి అప్పు రూపంలో సహాయం చేసేది.

ఇటువంటి వేతనాలు చాలా కొద్దిమందికి మాత్రమే లభించేవి. పరీక్షలలో అగ్రస్థానమో, ప్రభువుల ఆదరణో ఉన్నవారికే అవి అందుబాటులో ఉండేవి. తక్కువ స్థాయి పట్టా కలిగి, ఖద్దరు ధరించినవాడిగా ముద్రపడిన సుబ్బారావుకు ప్రభుత్వ సహాయం ఆశించే వీలు లేదు.

ఆయనకు ఆధారమైనది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగ నాయకర్ రంగూనులో వ్యాపారం చేసి విశేషంగా ధనం గడించినవాడు. గోదావరి తీరం నుండి బర్మాకు వలస వెళ్ళిన వేలాది తెలుగువారిలో ఆయన ఒకడు. ఆయన వదిలిన ఆస్తితో నడిచే ఈ సంస్థ విద్యార్థులకు సహాయం చేసేది. సుబ్బారావు విదేశీ విద్యకు తోడ్పడగలమని ఈ సంస్థ హామీ ఇచ్చింది. దానికి తోడు మామగారు కొంత ధనం సమకూర్చాడు. ఈ రెండింటి బలంతో సుబ్బారావు ప్రయాణమయ్యాడు. భార్య శేషగిరి పుట్టింటి వారి వద్ద ఉండిపోయింది.

1917లో అమెరికా చేసిన వలస చట్టం భారతీయుల రాకను నిషేధించింది. అయితే విద్యార్థులకు అందులో మినహాయింపు ఉన్నది. కాబట్టి కూలికో వ్యాపారానికో వెళ్ళదలచిన భారతీయునికి మూసుకుపోయిన ద్వారం, విశ్వవిద్యాలయంలో ప్రవేశము, చదువుకు సరిపడే ధనము చూపగలిగినవానికి తెరిచి ఉండేది.

హార్వర్డ్‌లో

1920ల తొలి సంవత్సరాలలో ఒక అక్టోబరు నెలలో సుబ్బారావు బోస్టన్ చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాల అధిపతి రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనకు తోడ్పడ్డాడు. వెంట తెచ్చుకున్న ధనం చదువుకు, బసకు చాలలేదు. మద్రాసు పట్టాతో వైద్యునిగా పనిచేసే అవకాశం లేనందున పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కుదిరాడు. పగలు తరగతులు, రాత్రి రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం ఆయన దినచర్య అయింది. స్వదేశంలో వైద్యపట్టా పొంది, కళాశాలలో పాఠాలు చెప్పినవాడు పరాయిదేశపు ఆసుపత్రిలో ఈ పని చేయవలసి వచ్చింది. ఈయన విదేశంలో ఉండగానే పసివాడైన కుమారుడు భారతదేశంలో మరణించాడు. ఆ బిడ్డను సుబ్బారావు చూడనేలేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత ఆయన హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరాడు. వీరిద్దరూ 1925లో, రక్తము, మూత్రము, కణజాలాలలోని భాస్వరాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే విధానాన్ని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పేరుపొందిన ఈ విధానం జీవరసాయన శాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమైనది.

ఇదే విధానం సహాయంతో 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి.ని వీరు గుర్తించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడడం వల్ల లభిస్తుందని అప్పటివరకు శాస్త్రజ్ఞులు భావించేవారు. ఈ అంశంపై కృషికే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించింది. భాస్వర సమ్మేళనాలను కనుగొనడంతో ఆ అభిప్రాయం మారవలసి వచ్చింది. 1930లో సుబ్బారావు హార్వర్డ్ నుండి పి.హెచ్.డి. పట్టా పొందాడు.

ఇంత పని చేసినప్పటికీ హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ కారణంగా వెలుగులోకి రాలేదని, ఆ విభాగంలోనే చదివి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపాడు.

లెడర్లీ పరిశోధనాలయము

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ పరిశోధనాలయంలో చేరాడు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యాడు. అంతకుముందు ఇతరుల ప్రయోగశాలలో పనిచేసిన ఆయనకు తన ఆలోచనలను అమలు చేయడానికి కావలసిన మనుషులు, ధనం ఇక్కడ సమకూడాయి. ఎనిమిదేళ్ళలో ఈ బృందం సాధించిన ముఖ్య ఫలితాలు ఇవి:

ఫోలిక్ ఆమ్లం: కాలేయంలో అతి స్వల్పంగా ఉండే ఈ విటమిన్‌ను వేరుచేసి, దాని నిర్మాణాన్ని గుర్తించి, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. టామ్ స్పైస్ అనే వైద్యుడు దీనిని స్ప్రూ రోగులకు ఇచ్చి మంచి ఫలితం పొందాడు. సుబ్బారావు సోదరుల ప్రాణాలు తీసిన వ్యాధి ఇదే.

ఆమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్: ఇవి ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలు. లెడర్లీ నుండి వచ్చిన ఆమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇవ్వగా కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఈ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. క్యాన్సర్‌ను మందులతో ఎదుర్కొనే చికిత్సకు ఇది నాంది అయింది. మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కే గాక కీళ్ళవాతానికి కూడా విస్తృతంగా వాడుతున్నారు.

డైఇథైల్‌కార్బమజైన్: 1947లో ప్రకటించిన ఈ మందు హెట్రజాన్ అనే పేరుతో విడుదలైంది. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై ఇది పనిచేస్తుంది.

ఆరియోమైసిన్: వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ 1945లో మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్న ఈ ఔషధాన్ని 1948లో లోకానికి తెలియజేశారు. టెట్రాసైక్లిన్ తరగతి ఔషధాలలో ఇది మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు చెలరేగినప్పుడు ఈ తరగతి మందులనే వాడారు.

వ్యక్తిగత జీవితము

విదేశంలో చదువు ముగించి తిరిగి రావాలని వెళ్ళిన సుబ్బారావు మళ్ళీ భారతదేశానికి రాలేదు. పరిశోధనలు ఒకదానివెంట ఒకటి సాగడంతో ఆయన రాక వాయిదా పడుతూ వచ్చింది. శేషగిరి భర్త కోసం ఎదురుచూస్తూ ఇక్కడే ఉండిపోయింది. ఆయన అమెరికా పౌరసత్వం కూడా పొందలేదు. 1923లో అక్కడి సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భారతీయులు పౌరసత్వానికి అనర్హులు. 1946లో వచ్చిన చట్టం ఆ అడ్డంకిని తొలగించినప్పటికీ సుబ్బారావు చివరివరకు పరదేశిగానే జీవించాడు. ప్రచారానికి ఆయన దూరంగా ఉండేవాడు. కొత్త ఔషధాలను ప్రకటించే సందర్భాలలో తన సహచరులను ముందు నిలిపేవాడు.

మరణము

1948 ఆగస్టు 8 రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు.

గుర్తింపు

జీవించి ఉండగా సుబ్బారావు పేరు శాస్త్రజ్ఞులకు తప్ప సామాన్యులకు అంతగా తెలియదు. నోబెల్ బహుమతి ఆయనకు లభించలేదు. లెడర్లీ శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్ర జాతికి ఆయన పేరుమీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. ఎస్.పి.కె. గుప్త వ్రాసిన జీవితచరిత్ర 1987లో వెలువడింది. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సుబ్బారావు బృందం రూపొందించిన డైఇథైల్‌కార్బమజైన్‌ను బోదకాలు నిర్మూలన కార్యక్రమాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపయోగిస్తున్నది. బోదకాలు ఎక్కువగా కనిపించిన గోదావరి జిల్లాలతో సహా తెలుగు ప్రాంతాలలో ఈ మాత్రలను ఇంటింటికీ పంచారు. ఆసియా, ఆఫ్రికా ఖండాలలోని పలు దేశాలలో కూడా ఇవి పంపిణీ అయ్యాయి. కాకినాడ ధర్మసంస్థ ఒక విద్యార్థికి అండగా నిలిచినందువల్ల సాగిన చదువు ఫలితం ఈ విధంగా ఆ సంస్థ ఉన్న జిల్లాకే తిరిగి చేరింది.

జీవితంలో ముఖ్య ఘట్టాలు

1895: భీమవరంలో జననం
1919: శేషగిరితో వివాహం
1925: భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటన
1927: ఫాస్ఫోక్రియాటిన్ గుర్తింపు
1929: ఏ.టి.పి. గుర్తింపు
1930: హార్వర్డ్ నుండి పి.హెచ్.డి.
1940: లెడర్లీ పరిశోధనాలయంలో చేరిక
1945: ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ
1947: డైఇథైల్‌కార్బమజైన్ ప్రకటన
1948: ఆరియోమైసిన్ ప్రకటన, మరణం
1995: స్మారక తపాలా బిళ్ళ విడుదల